తేజులో మిట్టమధ్యాహ్నం 11:05, ద్వారకలో 12:54

జూన్ 21న అరుణాచల్ ప్రదేశ్‌లోని తేజులో తెల్లవారుజామున 4:10కే పొద్దు పొడుస్తుంది. గుజరాత్ పడమటి కొసన ఉన్న ద్వారకలో 6:11కి. తేడా 121 నిమిషాలు. మరి అస్తమయానికీ అంతే తేడా ఉండాలి కదా? ఉండదు. తేజులో 6:04కి, ద్వారకలో 7:41కి పొద్దు గుంకుతుంది. తేడా 97 నిమిషాలే! మధ్యలో 24 నిమిషాలు ఏమయ్యాయి?

ముందు రేఖాంశం సంగతి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. తేజు 96.16 డిగ్రీల దగ్గర ఉంది, అంటే ఆ గీతకు 13.66 డిగ్రీలు తూర్పున. నాలుగుతో గుణిస్తే దాదాపు 55 నిమిషాలు. ద్వారక 68.97 దగ్గర, 13.53 డిగ్రీలు పడమరన ఉంది. అక్కడ 54 నిమిషాలు. చూడండి, రెండూ నడిగీతకు దాదాపు సమాన దూరంలో ఉన్నాయి. అందుకే మిట్టమధ్యాహ్నం, అంటే సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తుకు చేరే వేళ, సగటున తేజులో 11:05కి, ద్వారకలో 12:54కి వస్తుంది. తేడా 109 నిమిషాలు.

ఇక అక్షాంశం. తేజు 27.9 డిగ్రీల ఉత్తరాన, ద్వారక 22.24 దగ్గర. ఎంత ఉత్తరానికి పోతే వేసవి పగలు అంత సాగుతుంది. జూన్ 21న తేజు పగలు 13 గంటల 54 నిమిషాలు, ద్వారకది 13 గంటల 30 నిమిషాలు. పోయాయనుకున్న 24 నిమిషాలు ఇవే. తేజు పగలు పొద్దున 12, సాయంత్రం 12 నిమిషాలు అదనంగా సాగింది. అందుకే 109కి పొద్దున 12 కలిసింది, సాయంత్రం 12 తగ్గింది. డిసెంబర్ 21న ఇదంతా తలకిందులవుతుంది. ఉదయాలు 5:52, 7:29. అస్తమయాలు 4:15, 6:15. ఈసారి రెండు గంటల తేడా సాయంత్రానికి వచ్చింది. (ఇవి చదునైన దిగంతానికి కట్టిన లెక్కలు. తూర్పున కొండలుంటే సూర్యుడు కనబడడం ఆలస్యమవుతుంది.)

మీ ఊరి మధ్యాహ్నాన్ని మీరే కొలవవచ్చు. చదునైన నేలమీద మీటరు కర్రను తూకపు దారంతో నిటారుగా నిలపండి. పొద్దున పదింటి ప్రాంతంలో నీడ కొసన గుర్తు పెట్టి, సమయం రాసుకుని, కర్ర మొదలు కేంద్రంగా ఆ గుర్తు మీదుగా వృత్తం గీయండి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ ఆ వృత్తాన్ని తాకిన సమయం రాసుకోండి. రెండు సమయాల సగటే మీ మధ్యాహ్నం. అతి పొట్టి నీడ కోసం కాపు కాస్తే మాత్రం తప్పుతుంది, ఎందుకంటే ఆ వేళ నీడ పొడవు దాదాపు మారదు. కర్ర తూర్పుకో పడమరకో ఒరిగినా నిమిషాలు తేడా వస్తాయి. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్ల, భూమి అక్షం వాలి ఉండడం వల్ల సూర్యుడు కూడా గడియారంతో సరిగ్గా నడవడు. నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనకబడతాడు. ఆ మేరకు సవరించుకోవాలి.

క్యాలెండర్లలో సోమవారం రాహుకాలం 7:30 నుంచి 9 అని అచ్చు వేస్తారు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో రెండోది అది. 6 గంటలకు ఉదయం, 12 గంటల పగలు అనుకుంటేనే ఆ అంకెలు కుదురుతాయి. జూన్ 21 సోమవారమైతే అదే సూత్రానికి తేజులో 5:54 నుంచి 7:38 వస్తుంది, ద్వారకలో 7:52 నుంచి 9:33. ఒకచోట ముగిశాకే ఇంకోచోట మొదలు! పిల్లలకు రేఖాంశం నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తోచదు.

బతుకు మీద దీని బరువు చిన్నది కాదు. డిసెంబర్‌లో ఐదింటికి ఆఫీసు మూసే తేజు ఉద్యోగి చీకట్లో ఇల్లు చేరాలి. ఏడింటి బడికి పోయే ద్వారక పిల్లవాడు సూర్యుడికంటే ముందే బయల్దేరాలి. అస్సాం తేయాకు తోటలు దీనికి ఎప్పుడో సొంత దారి వెతుక్కున్నాయి. అక్కడి 'బాగాన్ టైమ్' మన గడియారానికి గంట ముందుంటుంది.

2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు రెండు కాలమండలాలు ప్రతిపాదించారు. అస్సాం, పశ్చిమ బెంగాల్ కలిసే ఇరుకు చోట గీత గీసి, దానికి తూర్పున గడియారాన్ని గంట ముందుకు జరపాలన్నారు. అప్పుడు తేజు మధ్యాహ్నం 12:05కి వస్తుంది, దాదాపు కచ్చితంగా. ద్వారకది మాత్రం 12:54 దగ్గరే ఉండిపోతుంది.