పదికి పది కలవాల్సిందేనా?

1958 అక్టోబరులో యుగొస్లావియాలోని వించా అణు కేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురికి తీవ్రంగా రేడియేషన్ తగిలింది. వాళ్లను పారిస్ తీసుకెళ్తే, డాక్టర్ జార్జ్ మాతే బృందం అయిదుగురికి ముక్కూమొహం తెలియని దాతల ఎముక మూలుగ ఎక్కించింది. ఒకరు చనిపోయారు. మిగతా నలుగురు బతికారు గానీ, ఎక్కించిన మూలుగ వాళ్లలో నిలవలేదు. అప్పటికి, దాతకూ రోగికీ కణాల మీది గుర్తులు కలుస్తున్నాయా అని చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షే లేదు మరి. విచిత్రమేమిటంటే అదే ఏడాది, అదే పారిస్‌లో జాన్ దోసే తెల్లరక్తకణాల మీద మనిషి మనిషికీ మారే గుర్తులను కనిపెట్టాడు. ఆ హెచ్‌ఎల్‌ఏ గుర్తులకే 1980లో నోబెల్ వచ్చింది.

కిడ్నీ మార్పిడిలో ప్రధాన భయం, శరీరం కొత్త అవయవాన్ని ఒప్పుకోదేమోనని. మూలుగలోని, రక్తం పుట్టించే మూలకణాల మార్పిడిలో ప్రమాదం అటు నుంచీ ఉంది. దాత కణాలే రోగి చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి, అద్దెకొచ్చినవాడు ఇంటివాణ్ని గెంటినట్టు. డాక్టర్లు జీవీహెచ్‌డీ అనేది దీన్నే.

1968లో అమెరికాలో రాబర్ట్ గుడ్ బృందం ఒక పసివాడికి అక్క మూలుగ ఎక్కించి కాపాడింది. కానీ తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. అందుకే 1974లో లండన్‌లో ఆంథొనీ నోలన్ అనే పిల్లాడి కోసం తల్లి దాతల రిజిస్ట్రీ మొదలుపెట్టింది. అతనికి మాత్రం దాత దొరకలేదు, 1979లో చనిపోయాడు.

ఎంత కలిస్తే చాలు? డాక్టర్లు సాధారణంగా ఎనిమిదో పదో గుర్తులు పోల్చి చూస్తారు, మరి అన్నీ కలవాల్సిందేనా? బంధుత్వం లేని దాతల మీద 2007లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, ఎనిమిదికి ఎనిమిది కలిసినవాళ్లలో ఏడాదికి 52 శాతం బతికి ఉంటే, ఒకటి తప్పినవాళ్లలో 43 శాతమే. అలాగని ఎంత కలిస్తే అంత మేలనీ కాదు. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి ఒకేలాంటి కవల సోదరుడి మూలుగ ఇస్తే జీవీహెచ్‌డీ బాధ తగ్గుతుంది, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరుగుతుంది. దాతకూ రోగికీ మధ్య ఉండే కాస్త తేడానే మిగిలిన క్యాన్సర్ కణాలను వేటాడుతుందన్నమాట.

నా దృష్టిలో అసలు అన్యాయం రిజిస్ట్రీలలోనే ఉంది. 2014 నాటి అమెరికా లెక్క ప్రకారం, పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం యూరప్ మూలాలున్న తెల్లవాళ్లకు 75 శాతం, దక్షిణ, మధ్య అమెరికా మూలాలున్న నల్లవాళ్లకు 16 శాతం. మన దగ్గర చెన్నైలో దాత్రి రిజిస్ట్రీ మొదలైందే 2009లో.

ఈ కొరతను కొంత తీర్చింది సగం మ్యాచ్, అంటే సగం గుర్తులే కలిసిన దాత. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టర్లు మార్పిడి అయ్యాక మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చి, దాడికి దిగే కణాలను అణచివేశారు. దాంతో అమ్మో నాన్నో కొడుకో కూడా దాత కాగలుగుతున్నారు. ఇప్పుడు దాతను ఎంచేటప్పుడు హెచ్‌ఎల్‌ఏతో పాటు దాత వయసెంత, రోగి రక్తంలో ఆ దాత గుర్తులకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా అన్నది కూడా చూస్తున్నారు.