పేరు తెలియని బిడ్డ: సెప్టిమేనియా బెర్నార్డ్ కుటుంబం వెనుక కథ

క్రీ.శ. 841 మార్చి 22న, ఇప్పటి దక్షిణ ఫ్రాన్సులో ఉన్న ఉజెస్ పట్టణంలో దువోడా అనే ప్రభువు ఇంటి ఇల్లాలికి రెండో కొడుకు పుట్టాడు. బాప్తిస్మం ఇంకా కాలేదు, పేరూ పెట్టలేదు. ఆమె భర్త బెర్నార్డ్, ఇప్పటి ఫ్రాన్సు దక్షిణ తీరంలోని సెప్టిమేనియా అనే ప్రాంతానికి ప్రభువు. అంతలోనే అతను కబురు పంపి, ఆ పసిగుడ్డుని ఫ్రాన్సు నైరుతిలోని ఆక్విటేన్‌లో ఉన్న తన దగ్గరికి తెప్పించుకున్నాడు. బిడ్డని తీసుకెళ్లిన వాళ్లలో ఉజెస్ బిషప్ కూడా ఉన్నాడు. పెద్దకొడుకు విలియం పద్నాలుగేళ్లకే రాజు కొలువుకి వెళ్లిపోయాడు. ఇద్దరు బిడ్డలూ చేతికి దూరమైన ఆ ఏడాది నవంబర్ 30న ఆమె పెద్దవాడి కోసం ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టింది. చిన్నవాడి పేరేమిటో తనకింకా తెలియదని అందులో రాసుకుంది.

ఒక తల్లికి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే బెర్నార్డ్ ఇంటి కథ చూడాలి.

బెర్నార్డ్ తండ్రి పేరూ విలియమే. ఆయన ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్‌కి దగ్గర బంధువు. 801లో బార్సిలోనాను ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్న సేనానుల్లో ఒకడు. 804లో జెల్లోన్ లోయలో ఒక మఠం కట్టించి, రెండేళ్లకి తనే అందులో సన్యాసిగా చేరాడు. తరవాత చర్చి ఆయన్ని సెయింట్‌గా గుర్తించింది. అంత పెద్ద పేరున్న ఇంట్లో పుట్టిన బెర్నార్డ్, 824 జూన్ 29న ఆకెన్ రాజభవనంలో దువోడాని పెళ్లాడాడు. కొన్నేళ్లకే బార్సిలోనా కౌంట్ అయ్యాడు. కౌంట్ అంటే ఒక ప్రాంతాన్ని రాజు తరఫున ఏలే అధికారి. ఆ పదవితోపాటే భూములు వచ్చేవి. రాజుకి కోపమొస్తే రెండూ పోయేవి. ఈ కుటుంబానికి జరిగినదాంట్లో సగం ఈ ఒక్క ఏర్పాటు వల్లే జరిగిందని నాకనిపిస్తుంది.

మిగతా సగం రాజుగారింటి వాటాల తగాదా. షార్లమేన్ కొడుకు లూయీ, 817లోనే తన ముగ్గురు కొడుకులకి సామ్రాజ్యాన్ని పంచేశాడు. మొదటి భార్య పోయాక జూడిత్‌ని చేసుకున్నాడు. 823లో వాళ్లకి చార్ల్స్ పుట్టాడు. నాలుగో కొడుక్కి వాటా ఎక్కణ్ణుంచి తేవాలి? ముందు పంచినదాంట్లోంచే కోయాలి. 829లో లూయీ ఆ పని మొదలుపెట్టాడు. అదే ఏడాది బెర్నార్డ్‌ని ఆస్థానానికి పిలిచి, రాజభవన వ్యవహారాలు చూసే పెద్ద పదవి ఇచ్చాడు. పెద్దకొడుకులకి ఆయన కంట్లో నలుసయ్యాడు. మరుసటి ఏడాది తిరుగుబాటు లేచింది. రాణి జూడిత్‌తో బెర్నార్డ్‌కి అక్రమ సంబంధం ఉందని పుకారు పుట్టించారు. బెర్నార్డ్ బార్సిలోనాకి పారిపోయాడు. దొరికిపోయిన అతని సోదరుడు హెరిబర్ట్ కళ్లు పొడిచేశారు. 831లో బెర్నార్డ్ తిరిగొచ్చి, నింద వేసినవాడెవడైనా తనతో ద్వంద్వయుద్ధానికి రావాలన్నాడు. ఎవరూ రాలేదు. ప్రమాణం చేసి నింద పోగొట్టుకున్నాడు గానీ పాత పదవి మాత్రం తిరిగి రాలేదు.

కక్ష అక్కడితో ఆగలేదు. 834లో లూయీ పెద్దకొడుకు లోథార్, సోన్ నది ఒడ్డున ఉన్న శాలోన్ పట్టణాన్ని పట్టుకున్నాడు. అక్కడ దొరికిన బెర్నార్డ్ సోదరుడు గోసెల్మ్ తల నరికించాడు. సోదరి గెర్బెర్గా సన్యాసిని. ఆమెను మంత్రగత్తె అని ముద్రవేసి, పీపాలో పెట్టి బిగించి నదిలో పడేయించాడు. ఆమె చేసిన తప్పల్లా బెర్నార్డ్ తోబుట్టువు కావడమే.

840లో లూయీ చనిపోగానే అన్నదమ్ముల యుద్ధం మొదలైంది. 841 జూన్ 25న ఫాంతెనువా దగ్గర ఒకపక్క లోథార్, ఇంకోపక్క చార్ల్స్, తండ్రి పేరే ఉన్న అతని సవతి అన్న లూయీ తలపడ్డారు. బెర్నార్డ్ కాస్త దూరంలోనే ఉండి, ఎవరికీ సాయం వెళ్లలేదు. చార్ల్స్ పక్షం గెలిచిందని తెలిశాక కొడుకు విలియంని అతని దగ్గరికి పంపాడు. తండ్రి విధేయతకి ఆ పిల్లవాడే హామీ. బెర్నార్డ్‌ని గోడమీద పిల్లి అని చాలామంది తీసిపారేస్తారు. తన ముగ్గురు తోబుట్టువులూ రాజుల చేతుల్లో నాశనమైతే చూసినవాడు ఏ రాజుని నమ్మగలడు? అయినా ఆ లెక్కలో కొడుకుని పణంగా పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

దువోడా పుస్తకం 843 ఫిబ్రవరి 2న పూర్తయింది. అందులో కొడుక్కి ఆమె చెప్పిన వరస ఇది: దేవుడు ముందు, తరవాత కన్నతండ్రి, ఆ తరవాతే రాజు. చనిపోయిన అత్తింటివాళ్ల పేర్లు వరసగా రాసి, వాళ్లకోసం ప్రార్థించమంది. భర్త సరిహద్దు అధికారం నిలబెట్టడానికి తను క్రైస్తవుల దగ్గరా యూదుల దగ్గరా చేసిన అప్పులు, తను తీర్చలేకపోతే విలియంని తీర్చమంది. తమ్ముడికి మాటలొచ్చి చదవడం వచ్చాక ఈ పుస్తకం చూపించమంది.

పుస్తకం అయిన మరుసటి ఏడాదే, 844లో, చార్ల్స్ బెర్నార్డ్‌ని రాజద్రోహి అని చంపించాడు. విలియం చార్ల్స్ శత్రువులతో చేరి 848లో తండ్రి ఏలిన బార్సిలోనాని పట్టుకున్నాడు. 850లో అక్కడే దొరికి హతమయ్యాడు. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్లు.

పేరు తెలియని ఆ చిన్నవాడు బతికాడు. తండ్రి పేరే పెట్టారు. ఆక్విటేన్‌లో పెద్ద ప్రభువై 886 ప్రాంతంలో చనిపోయిన బెర్నార్డ్ ప్లాంతెవెల్యు ఇతనేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆ బెర్నార్డ్ కొడుకు పేరు విలియం. 910లో ఫ్రాన్సులోని క్లూనీ మఠాన్ని స్థాపించింది ఆయనే. ఆ దానపత్రంలో ఎవరెవరి ఆత్మల కోసం ప్రార్థించాలో చెబుతూ, తన తల్లిదండ్రులని కూడా చేర్చాడు.