పొగ ముందు, తీపి చివర: చికెన్ టాకోల గురించి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

అందరికీ ఆశీస్సులు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి, ఎనిమిదింటికల్లా నలుగురికి కడుపునిండా పెట్టగలిగే వంటల్లో చికెన్ టాకోలు ఒకటి. టాకో అంటే టోర్టియా అనే మెక్సికో పల్చటి రొట్టెలో కూర పెట్టి మడిచి తినేది. పొగ వాసన, చిరుతీపి, కారం మూడూ ఒకే ముద్దలో తగలాలి. చాలామంది సీసాలో దొరికే బార్బెక్యూ సాస్ చికెన్ మీద పోసి ఆ మూడూ వచ్చేశాయనుకుంటారు. రావు. పొగ ఎక్కడిదో, తీపి ఎక్కడిదో తెలుసుకుని, ఏది ఎప్పుడు వేయాలో పట్టుకుంటే బుధవారం రాత్రి కూడా ఇది తేలిగ్గా అయిపోతుంది.

దీనికి మూలం మెక్సికోలోని పువెబ్లా ప్రాంతపు తింగా. ఉడికిన మాంసాన్ని పీచులుగా విడదీసి టమాటా, ఉల్లిపాయ, చిపోత్లే మిరపకాయల గుజ్జులో మగ్గిస్తారు. తింగాలో తీపి ఎక్కువగా ఉల్లిపాయదే. మనం దానికి కొంచెం బెల్లం తోడు చేస్తున్నాం. బెల్లం అనగానే ఇది మన సొంత మార్పు అనుకోకండి. మెక్సికోలో చెరుకురసం కాచి శంకువు ఆకారపు అచ్చుల్లో పోసే బెల్లం ఉంది, దాని పేరు పిలోన్సియో. అది దొరక్కపోతే మన నల్లబెల్లం నిశ్చింతగా వాడవచ్చు. రెండూ ఒకే జాతి సరుకు.

ఇక చిపోత్లే. ఈ వంటకు ప్రాణం అదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మొక్క మీదే ఎర్రగా పండనిచ్చి, కోసి, రోజుల తరబడి కట్టెల పొగలో ఎండబెట్టిన హలపేన్యో మిరపకాయే చిపోత్లే. మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాషలో ఆ పేరుకు అర్థమే పొగబెట్టిన మిరపకాయ. ఎండలో ఎందుకు ఆరబెట్టరంటే, హలపేన్యోకి కండ మందం. గుంటూరు కళ్లాల్లో మిరపకాయ పల్చటి తోలుతో ఉంటుంది కనుక ఎండకే గలగలలాడుతుంది. హలపేన్యోని అలా ఎండలో పరిస్తే లోపలి తడి ఆరేలోపే కుళ్లిపోతుంది. పొగ, సన్నని వేడి కలిసి దాన్ని నిలవ ఉండేలా చేస్తాయి. సుమారు పది కిలోల పండుకాయలకు ఒక కిలో చిపోత్లే దిగుతుంది. అందుకే ఒక్క కాయలో అంత వాసన.

బజార్లో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఎండుకాయ, రెండోది అదోబో అనే టమాటా, వెనిగర్, వెల్లుల్లి గుజ్జులో నానిన కాయల డబ్బా. రోజువారీ వంటకు డబ్బానే మేలు. ఎండుకాయలైతే తొడిమ తీసి, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి వాడండి. వాటిని పెనం మీద వేయించాలని చూస్తే ఘాటుకి ఇల్లంతా దగ్గుతుంది. చిపోత్లే అసలు దొరకని ఊళ్లో ఉంటే రెండు టీస్పూన్ల స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరపపొడి), నానబెట్టిన రెండు ఎండుమిరపకాయలు కలిపి నూరి వేయండి. పూర్తిగా అదే రుచి రాదు, దగ్గరకు వస్తుంది. సీసాల్లో అమ్మే లిక్విడ్ స్మోక్ అనే పొగవాసన ద్రవం మాత్రం నేను చెప్పను. ఒక చుక్క ఎక్కువైతే కూరంతా కాలిన బూడిద వాసనే.

నలుగురికి, అంటే పన్నెండు టాకోలకు ఇవి కావాలి. ఎముక, తోలు తీసిన చికెన్ థై (తొడ) ముక్కలు 700 గ్రాములు. పెద్ద టమాటాలు మూడు. ఉల్లిపాయలు రెండు. పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు నాలుగు. చిపోత్లే కాయలు మూడు, పైన ఒక టేబుల్‌స్పూన్ అదోబో గుజ్జు (చిన్నపిల్లలు తినేట్టయితే ఒక్క కాయ చాలు). బెల్లం 25 గ్రాములు, అంటే చిన్న నిమ్మకాయంత. వెనిగర్ ఒక టేబుల్‌స్పూన్, ఒరెగానో ఒక టీస్పూన్, జీలకర్ర పొడి అర టీస్పూన్, నూనె రెండు టేబుల్‌స్పూన్లు, ఉప్పు. పన్నెండు మొక్కజొన్న టోర్టియాలు. పైన చల్లుకోవడానికి ఒక ఎర్ర ఉల్లిపాయ, కొత్తిమీర, నాలుగు నిమ్మకాయలు, ఒక అవకాడో.

థై ముక్కలే ఎందుకంటే, వాటిలో కొవ్వు, బంధక కణజాలం ఉంటాయి. ఆ కణజాలం నెమ్మదిగా కరిగి జిగురుగా మారి గుజ్జుకు చిక్కదనం ఇస్తుంది. పది నిమిషాలు ఎక్కువ ఉడికినా మాంసం ఎండదు. బ్రెస్ట్ ముక్కలకు ఆ ఓపిక లేదు, కొంచెం దాటితే చాలు, కొబ్బరిపీచు నమిలినట్టు అవుతుంది. బ్రెస్టే ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ రాగానే తీసేయండి. థై కూడా 74కి చేరితే తినడానికి క్షేమమే, కానీ 80 నుంచి 85 దాకా వెళ్తేనే పీచులు సులువుగా విడతాయి. చికెన్ ఫ్రీజర్‌లో ఉంటే ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి దించండి.

ఇంకొక మాట. చికెన్‌ని కుళాయి కింద కడగడం మన ఇళ్లలో అలవాటు. ఆ నీళ్లు చిందిన చోటల్లా, అంటే సింకు, గట్టు, పక్కనే ఉన్న కొత్తిమీర మీదకు క్రిములు చేరతాయి. అవి చచ్చేది వేడికే కానీ నీళ్లకు కాదు. కడగకండి. కాగితంతో గట్టిగా అద్ది తడి తీసేసి, ఒక టీస్పూన్ ఉప్పు రాసి పక్కన పెట్టండి. తడి ఉంటే ముక్క పెనం మీద వేగదు, తన నీళ్లలో తానే ఉడికి తెల్లగా పాలిపోతుంది. మనకు కావలసిన గోధుమరంగు రాదు.

అది ఉప్పు పీల్చుకునేలోపు ఎర్ర ఉల్లిపాయని సన్నని చీలికలుగా తరిగి, రెండు నిమ్మకాయల రసం, చిటికెడు ఉప్పు వేసి పిసికి పెట్టండి. అరగంటలో అవి గులాబీరంగులోకి తిరుగుతాయి. ఉల్లిపాయలోని ఊదారంగు పులుపు తగిలితే అలా మారుతుంది. దాంతోపాటు పచ్చి ఘాటూ తగ్గుతుంది.

ఇప్పుడు పొగలో రెండో భాగం. ఇనప పెనం మీద నూనె లేకుండా టమాటాలు, పెద్ద ముక్కలుగా కోసిన ఒక ఉల్లిపాయ, వెల్లుల్లి రెబ్బలు పెట్టి, మంట బాగా ఎక్కువలో కాల్చండి. టమాటా రసం కారి అంటుకుంటుంది, కాబట్టి కింద ఒక అల్యూమినియం ఫాయిల్ పరిస్తే కడుక్కోవడం తేలిక. నాన్‌స్టిక్ పెనం వద్దు, ఖాళీగా అంత వేడి ఎక్కితే దాని పూత చెడిపోతుంది. వెల్లుల్లి ఐదారు నిమిషాలకే మెత్తబడుతుంది, ముందుగా తీసేయండి. టమాటాలు పది పన్నెండు నిమిషాలు పడతాయి. ఒకవైపు నల్లమచ్చలు పడి, తోలు పగిలి, లోపల గుజ్జు బుడగలు వేస్తుంటే తిప్పాలి. తొందరపడి ముందే తిప్పితే ఉడికిన టమాటా మిగులుతుంది కానీ కాలిన టమాటా రాదు. కాల్చిన వంకాయ పచ్చడికీ ఉడికించిన వంకాయ పచ్చడికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఆ నల్లమచ్చలు తీసేయకండి, వాటితోనే మిక్సీలో వేయాలి. కానీ మచ్చలు మచ్చలుగానే ఉండాలి. మొత్తం బొగ్గయితే చేదు.

అదే సమయంలో పక్క పొయ్యి మీద వెడల్పాటి మందపాటి మూకుడులో నూనె కాగనిచ్చి చికెన్ పరవండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. పట్టకపోతే రెండు వాయిలుగా వేయండి. ఐదు నిమిషాలు కదపకండి. ముక్క పెనాన్ని పట్టుకుని ఉందంటే ఇంకా కాలేదని, రంగు పట్టగానే దానంతట అదే వదిలేస్తుంది. రెండోవైపు నాలుగు నిమిషాలు. లోపల ఇంకా పచ్చిగా ఉన్నా ఫరవాలేదు, తీసి పళ్లెంలో పెట్టండి.

కాలిన టమాటాలు, ఉల్లిపాయ, పొట్టు ఒలిచిన వెల్లుల్లి, చిపోత్లే, అదోబో గుజ్జు, ఒరెగానో, జీలకర్ర మిక్సీలో తిప్పండి. టమాటాలు సలసల కాగుతుంటే ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. మూత బిగించిన మిక్సీలో ఆవిరి చేరితే మూత ఎగిరి ముఖం మీద పడుతుంది. మరీ మెత్తగా కాకుండా రోటిపచ్చడిలా కొంచెం పలుకుగా ఉంటేనే బాగుంటుంది.

చికెన్ వేయించిన మూకుడులోనే రెండో ఉల్లిపాయని నిలువు చీలికలుగా వేసి, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు మగ్గించండి. అడుగున అంటిన గోధుమరంగు చెక్కు కనిపిస్తుంది కదా, దాన్ని గరిటెతో గీకి ఉల్లిపాయలో కలపండి. మూకుడు కడిగి మళ్లీ మొదలుపెట్టారంటే సగం రుచి సింకులో పోసినట్టే. ఉల్లిపాయ మెత్తబడ్డాక గుజ్జు పోసి, అంచుల్లో నూనె తేలేదాకా ఐదు నిమిషాలు వేయించండి. చికెన్, పళ్లెంలో దిగిన రసంతో సహా వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడకనివ్వండి. తర్వాత ముక్కలు బయటికి తీసి రెండు ఫోర్కులతో పీచులుగా విడదీయండి. మరీ సన్నగా వద్దు. చిటికెనవేలంత మందం ఉంటే నోటికి మాంసం తిన్నట్టుంటుంది.

ఈలోగా బెల్లం రెండు టేబుల్‌స్పూన్ల వేడినీళ్లలో కరిగించి వడగట్టండి. పాయసానికి వడగట్టినట్టే, అడుగున ఇసుక మిగులుతుంది. పీచు చికెన్ తిరిగి గుజ్జులో వేసి, ఆ బెల్లం నీళ్లు, వెనిగర్ ఇప్పుడు పోయాలి. తీపి ఆఖరున ఎందుకో గట్టిగా గుర్తుపెట్టుకోండి. చికెన్‌కి ముందే బెల్లం పట్టించి పెనం మీద వేస్తే, మాంసానికి రంగు రాకముందే బెల్లం మాడుతుంది. ఆ చేదు తర్వాత ఏం వేసినా పోదు. ఆఖరున వేస్తే నాలుగైదు నిమిషాల్లో అది గుజ్జుతో కలిసి చికెన్‌కి మెరుపులా పట్టుకుంటుంది. గరిటెతో అడుగున ఒక దారి గీయండి. ఆ దారిలోకి నీళ్లు పరిగెత్తకుండా గుజ్జు నెమ్మదిగా మూసుకుంటే అయినట్టు. పలచగా ఉండగా దించితే టోర్టియా చిరిగి మోచేతి దాకా కారుతుంది.

రుచి చూసి సరిదిద్దండి. తీపి మాత్రమే నాలుకకు తగిలితే ఉప్పు తక్కువైందని, లేదా పులుపు చాలలేదని. కారం ఎక్కువైతే నీళ్లు పోయకండి. మిరపకాయ కారం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైన అవకాడో, కాస్త చిక్కటి పెరుగు వేసి పెడితే సర్దుకుంటుంది. ముందుగానే జాగ్రత్తపడాలంటే చిపోత్లే కాయ చీల్చి లోపలి లేతరంగు పొరను గీకేయండి. కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, వాటిని పట్టుకుని ఉండే ఆ పొరలోనే.

టోర్టియాల దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. పాకెట్ విప్పి చల్లగా మడిస్తే విరుగుతాయి. మొక్కజొన్నలో గోధుమలో ఉన్న సాగే గుణం లేదు. చల్లారిన పిండిపదార్థం బిగుసుకుంటుంది, వేడీ ఆవిరీ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పొడి పెనం బాగా కాగాక ఒక్కోవైపు ముప్పై సెకన్లు కాల్చి, వెంటనే శుభ్రమైన గుడ్డలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పెట్టండి. ఐదు నిమిషాలు అక్కడ ఊరితే వేలికి చుట్టినా విరగవు. పల్చటి టోర్టియాలైతే టాకోకి రెండేసి వేస్తారు మెక్సికో వీధుల్లో. అలా వేసేట్టయితే ఇరవై నాలుగు కాల్చుకోండి.

ఇంట్లోనే చేసుకుందామనుకుంటే కొట్టుకెళ్లి మొక్కజొన్న పిండి తెచ్చేయకండి. కార్న్‌ఫ్లోర్ అసలే వద్దు, అది గంజిపొడి. టోర్టియాకి కావలసింది మాసా అరీనా. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పైపొర కడిగి, రుబ్బి ఆరబెట్టిన పిండి అది. కిళ్లీలో వాడే సున్నం జాతిదే ఆ సున్నం. దానివల్లే పిండి ముద్దగా పట్టుకుంటుంది, ఆ ప్రత్యేకమైన వాసనా వస్తుంది, మొక్కజొన్నలో బిగిసి ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. సున్నం పడని మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన చోట్ల పెల్లాగ్రా అనే జబ్బు ప్రబలడానికి కారణం ఈ విటమిన్ లోపమే. 240 గ్రాముల పిండికి సుమారు 360 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి కలిపి, పావుగంట మూతపెట్టి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తాలి. ఒత్తినప్పుడు అంచులు పగిలితే పిండికి ఇంకో చెంచా నీళ్లు కావాలి, కాగితానికి అంటుకుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. ఇది సెలవురోజు పని. వారం మధ్యలో కొన్నవే వాడుకోండి.

పెట్టుకోవడంలో పెద్ద విశేషం లేదు. రెండు చెంచాల చికెన్, ఊరిన ఉల్లిపాయ, అవకాడో ముక్క, కొత్తిమీర, పైన నిమ్మరసం. ఎవరి టాకో వాళ్లే కట్టుకోవాలి. ముందే కట్టి పేర్చితే ఐదు నిమిషాల్లో మెత్తబడి చిరుగుతాయి.

మిగిలిన చికెన్ ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది, రెండోరోజు రుచి ఇంకా పెరుగుతుంది. వేడిచేసేటప్పుడు చెంచాడు నీళ్లు చల్లండి, లేకపోతే బెల్లం అడుగంటుతుంది. మిగిలిన చిపోత్లేని తెరిచిన డబ్బాలోనే ఉంచకండి. ఒక్కో కాయని కొంచెం గుజ్జుతో సహా పళ్లెంలో విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత ఒక సంచిలో వేసుకోండి. ఈసారి టాకోలు చేసేనాటికి ఎన్ని కావాలంటే అన్నే తీసి నేరుగా మిక్సీలో వేసుకోవచ్చు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ