వెలుతురును వదిలి గాలిని పట్టే గిన్నె

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 ఎగిరినప్పుడు, అందరూ సూర్యుడి ఫొటోల గురించే మాట్లాడుకున్నారు. నా మనసు మాత్రం అందులో ఒక్క ఫొటో కూడా తీయని ఆస్పెక్స్ మీదే ఉంది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల తయారుచేసిన ఈ పరికరం సౌరపవనాన్ని, అంటే సూర్యుడి నుంచి వీచే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల గాలిని కొలుస్తుంది. సెకనుకు 400 కిలోమీటర్లు ఈ గాలికి మామూలు వేగమే. కానీ మహా పలచన. భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే ఉంటాయి.

పట్టే పద్ధతి చూడండి. ఒక అర్ధగోళం మీద కొంచెం పెద్దదాన్ని బోర్లిస్తారు. మధ్యలో కొద్ది మిల్లీమీటర్ల సందు. లోపలి గిన్నెకు రుణ వోల్టేజి ఇస్తే, సందులో దూరిన ప్రోటాన్ దానివైపు వంగుతుంది. వేగం ఎక్కువైతే బయటి గోడకు కొట్టుకుంటుంది, తక్కువైతే లోపలి గోడకు అంటుకుంటుంది. సరిపడా శక్తి ఉన్నదే మలుపు తిరిగి డిటెక్టరును చేరుతుంది. వోల్టేజి మారుస్తూ పోతే ఏ శక్తితో ఎన్ని వస్తున్నాయో లెక్క తేలుతుంది. హీలియం కేంద్రకం బరువు నాలుగింతలు, ఆవేశం రెండింతలు. అందుకే అదే వేగంతో వచ్చినా దానికి రెట్టింపు వోల్టేజి కావాలి. ఒకే గాలి లెక్కలో రెండు కుప్పలుగా విడిపోతుంది!

అసలు టెన్షన్ వెలుతురుతోనే. డిటెక్టర్ అంటే వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు లక్షల్లో ఉన్న గాజు బిళ్ల. అతినీలలోహిత కాంతి తగిలినా, ప్రోటాన్ తగిలినా దానికి ఒకటే. కాంతి వోల్టేజికి వంగదు కానీ, గోడల మీద ఎగిరెగిరి లోపలికి వచ్చేస్తుంది. అందుకని ఇలాంటి గిన్నెల లోపల గాడులు చెక్కి, కట్టెలపొయ్యి మీది కుండ అడుగులా నల్లగా పూత పూస్తారు.

సూర్యుడి దగ్గరికి వెళ్లే నాసా పార్కర్ నౌకలో ఇంకో ఉపాయం ఉంది. అక్కడ ఒక ఫారడే కప్పు, అంటే ప్రోటాన్లను పట్టే లోహపు గిన్నె, వేడి కవచం చాటు లేకుండా నేరుగా సూర్యుణ్ణే చూస్తుంది. అందులో పడే ప్రోటాన్ల కరెంటును కొలవాలి. భూమి దగ్గరైతే అది చదరపు సెంటీమీటరుకు ఆంపియరులో మూడువేల కోట్లో వంతు. ఎండ కూడా లోహం నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి వేరే కరెంటు పుట్టిస్తుంది. అందుకే కప్పులోని జాలీ వోల్టేజిని ఒక లయలో ఊపుతారు. ప్రోటాన్లు ఆ లయకు ఊగుతాయి, ఎండ కరెంటు ఊగదు. తిరునాళ్ల గోలలో తాళానికి పడే గజ్జెల చప్పుడును చెవి పట్టుకున్నట్టు, సర్క్యూటు ఆ ఊపును మాత్రమే ఏరుకుంటుంది.

ఇక వేడి సంగతి. 2024 డిసెంబరు 24న పార్కర్ సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరంలోకి వెళ్లింది. మామూలు వైర్లు ఆ వేడికి కరిగిపోతాయని నయోబియం తీగలను నీలమణి గొట్టాల్లో నడిపారు. జాలీ టంగ్‌స్టన్‌ది. దాని ద్రవీభవన స్థానం 3,400 డిగ్రీల పైమాటే. ఇలాంటి జాలీలను మామూలుగా లేజరుతో చెక్కుతారు. టంగ్‌స్టన్ దానికి లొంగదు కాబట్టి యాసిడ్‌తో తొలిచారు.