‘గ్యారిసన్’ గురించి అపోహలు - వాస్తవాలు: విశాఖ ఎంఈఎస్‌లో పనిచేసినవాడి మాట

విశాఖలో మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో, అంటే ఎంఈఎస్‌లో, చాలా ఏళ్లు పనిచేశాను. మా ఆఫీసు బోర్డు మీద ‘గ్యారిసన్ ఇంజనీర్’ అని ఉండేది. గ్యారిసన్ అంటే ఒక చోటుని కాపాడటానికి అక్కడే ఉంచిన దళం. అది చూసి మా మేనల్లుడు ఓసారి, “మావయ్యా, మీ సార్ కింద ఎంతమంది సోల్జర్లు ఉంటారు?” అని అడిగాడు. వాడికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: గ్యారిసన్ ఇంజనీర్ దళాన్ని నడిపే కమాండర్.

వాస్తవం: దళం ఉండే చోటు బాగోగులు చూసే ఇంజనీరు ఆయన. క్వార్టర్లు, రోడ్లు, నీళ్లు, కరెంటు ఆయన పని. మేం ‘జీఈ సాబ్’ అనేవాళ్లం. ఆ కుర్చీలో యూనిఫాం ఉన్న అధికారి ఉండొచ్చు, సివిలియన్ కూడా ఉండొచ్చు. కంప్లైంట్ రిజిస్టర్ తెరిస్తే కారే కుళాయిలు, కాలిన ఫ్యూజులే. ఫోన్ ఎత్తగానే “భాయ్ సాబ్, పానీ నహీ ఆ రహా” అని వినబడేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక పంపులకు కరెంటు లేదు, చెట్లు రోడ్లకు అడ్డంగా పడి ఉన్నాయి. ఇళ్లకు నీళ్లు అందించాలంటే ముందు రంపాలు పట్టుకుని దారి చేసుకోవాల్సి వచ్చింది. గ్యారిసన్ అన్న మాటలో ‘ఇక్కడే ఉండే వాళ్లు’ అన్న అర్థం ఎంత బలంగా ఉందో నాకు ఆ రోజుల్లో బాగా తెలిసింది.

అపోహ: బెటాలియన్, బ్రిగేడ్ లాగా గ్యారిసన్ కూడా ఒక సైజు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ అంటే సుమారు 800 మంది అని చెప్పొచ్చు. గ్యారిసన్‌కి అలాంటి లెక్క లేదు. పాతిక మంది ఉన్నా, వేలమంది ఉన్నా, ఒక కోటనో ఊరినో కాపాడటానికి అక్కడ ఉంచితే వాళ్లు దానికి గ్యారిసన్. వాళ్లనే రేపు బయటికి నడిపించి వేరేచోట యుద్ధానికి పంపితే ఆ పేరు వాళ్ల వెంట వెళ్లదు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట ఇది, మూలంలో కాపాడటం అని అర్థం.

మన బొబ్బిలినే తీసుకోండి. 1757 జనవరిలో కోటలో ఉండి పోరాడిన బొబ్బిలి రాజు రంగారావు మనుషులు గ్యారిసన్. ఫిరంగులతో కోటను చుట్టుముట్టిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం కాదు. తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు కాబట్టి, ఎంత వీరుడైనా, ఆ రోజు బొబ్బిలి గ్యారిసన్‌లో లేడు.

విశాఖకే చెందిన ఉదాహరణ 1780 అక్టోబర్‌ది. ఇక్కడ ఉన్నంతకాలం విశాఖ గ్యారిసన్ అనిపించుకున్న ఈస్టిండియా కంపెనీ సిపాయిలను, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లాలని ఓడ ఎక్కమన్నారు. వాళ్లు తిరగబడ్డారు. మన ఊరి చరిత్రలో ఇంత పెద్ద ఘట్టాన్ని పిల్లలకి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: గ్యారిసన్ అన్నా కంటోన్మెంట్ అన్నా ఒకటే.

వాస్తవం: కంటోన్మెంట్ అంటే ప్రాంతం. సికింద్రాబాద్‌లో లాగా దాని పాలనకు ఒక బోర్డు ఉంటుంది, 2006 నాటి చట్టం ఉంది. విశాఖలో ఇంత రక్షణ యంత్రాంగం ఉన్నా కంటోన్మెంట్ బోర్డు లేదు. విజయనగరంలో కంటోన్మెంట్ అనేది ఇప్పుడు ఒక పేట పేరు.

నేవీ వాళ్లు కూడా తమ సిబ్బందిని గ్యారిసన్ అనరు, వాళ్లుండే చోటుని బేస్ అంటారు. విశాఖలోని నేవీ బేస్ ఐఎన్ఎస్ సర్కార్స్ పేరుకి ఓడలా ఉన్నా ఉన్నది నేల మీదే. అయినా నేవీ క్వార్టర్లలో కుళాయి పాడైతే ఫోన్ వచ్చేది గ్యారిసన్ ఇంజనీర్ ఆఫీసుకే.

అనువాదాలు చేసేవాళ్లకి ఒక మాట. ఈ పదాన్ని ప్రతిచోటా ‘సైనిక స్థావరం’ అని రాసేస్తున్నారు. ఇంగ్లిష్‌లో ఆ చోటుని కూడా గ్యారిసన్ అంటారు, కాదనను. కానీ క్రియ చూడండి. గ్యారిసన్ ఆకలితో అలమటించింది, లొంగిపోయింది అని ఉంటే అక్కడ మనుషులున్నారు. ‘కోట కావలి దళం’ అనండి, ‘కోటలోని సైన్యం’ అనండి. గ్యారిసన్‌లో కొత్త బ్యారక్‌లు కట్టారు అని ఉంటే అప్పుడు స్థావరం అని రాయండి.