స్టేషన్‌కి దగ్గర, వీధి ప్రశాంతం: నెల్లూరులో ఇల్లు వెతికేవాళ్ల అపోహలు

నెల్లూరులో ఇళ్లు, స్థలాలు చూపించడం నా పని. కమీషన్ మీద బతికేవాణ్ణే, కాబట్టి నా మాట కూడా ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: స్టేషన్‌కి కిలోమీటరే, నడిచి వెళ్లిపోవచ్చు.

ఆ కిలోమీటరు పట్టాలకి ఏ పక్క? ఊరిని రైలు కట్ట రెండు ముక్కలు చేసింది. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు, మే నెల ఎండలో ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేసే బయటి ఊరివాళ్లకే తెలియదు. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే నవంబరులో వాన పడే రోజు చూసుకుని, రైలుకి వెళ్తున్నట్టే బ్యాగు పట్టుకుని ఇంటి నుంచి స్టేషన్ దాకా వెళ్లి రమ్మంటాను. నవ్వుతారు. ఒకాయన మాత్రం నిజంగానే వెళ్లి, మోకాలి లోతు నీళ్లలోంచి ఫోన్ చేసి "అన్నా, ఆ ఇల్లు వద్దులే" అన్నాడు. నా కమీషన్ పోయింది, ఏం చేస్తాం.

పెన్న ఒడ్డు పల్లపు వీధులైతే 2021 నవంబరు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటి పెద్దావిడని అడగండి. ఆ వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది.

అపోహ: ఊళ్లోని ఇంకో స్టేషన్, వేదాయపాళెం పక్కనైనా ఒకటే.

నెల్లూరులో ఆగే బండ్లన్నీ అక్కడ ఆగవు. మీరు ఎక్కే బండి ఆగుతుందో లేదో చూసుకుని మాట్లాడండి.

అపోహ: పట్టాల దగ్గరైతే నిద్ర ఉండదు.

పట్టాలకి ఆనుకున్న ఇల్లైతే నిజమే, ఇది చెన్నై-విజయవాడ లైను, రాత్రంతా గూడ్సులు పోతూనే ఉంటాయి. రెండు మూడు వరసల ఇళ్లు అడ్డం ఉంటే చప్పుడు బాగా తగ్గుతుంది, వచ్చినా నిమిషంలో పోతుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర మాత్రం వద్దు, గేటు రాకముందే డ్రైవరు హారన్ కొట్టాల్సిందే. అసలు ప్రాణం తీసేది రైలు కాదు, వీధి చివరి కల్యాణ మండపం. ఆషాఢంలో వచ్చి చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అని మురిసిపోతారు, శ్రావణంలో బ్యాండు మేళం దిగుతుంది.

అపోహ: పట్టాల పక్క స్థలం చవగ్గా వస్తోంది, ఇల్లు కట్టే ప్లాన్‌కి అనుమతి ఎలాగూ వస్తుంది.

రైల్వే హద్దుకి 30 మీటర్లలోపు కట్టాలంటే రైల్వే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడుగుతారు. బేరానికి ముందే సర్వేయరుతో కొలిపించండి.

అంకణం (స్థలం కొలత) లెక్కన రేటు వినగానే బెదిరిపోయే తిరుపతివాళ్లకి ఒక మాట: మీ అంకణం 36 చదరపు అడుగులు, మాది 72.