నెట్ రావాలంటే నెట్ కావాలి: లైనక్స్ వైఫై తిప్పల వెనక కథ

పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం అయిపోయింది. డెస్క్‌టాప్ ముచ్చటగా వచ్చింది. తెలుగు ఒత్తులు కూడా ఎక్కడివక్కడ కుదురుగా కనిపిస్తున్నాయి. మూలన ఉండాల్సిన వైఫై గుర్తు మాత్రం లేదు. టెర్మినల్ తెరిచి లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ రాసుకునే చిట్టా తిరగేస్తే, వైఫై కార్డును నడిపే బీ43 అనే డ్రైవర్ ప్రోగ్రాం ఒక ఫిర్యాదు రాసిపెట్టి ఉంటుంది: ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదు, ఈ వెబ్‌సైటుకు వెళ్లి దించుకోండి, అక్కడి సూచనలన్నీ జాగ్రత్తగా చదవండి. నెట్టే లేనివాణ్ణి వెబ్‌సైటుకు పొమ్మంటోంది! పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

కొత్తగా లైనక్స్‌కు వచ్చినవాళ్లు ఇక్కడే తామేదో తప్పు నొక్కామనుకుని దిగాలుపడతారు. తప్పు వాళ్లది కాదు. డ్రైవర్ ఉంది, కార్డును గుర్తుపట్టింది కూడా. లేనిదల్లా పదుల కిలోబైట్లు కూడా దాటని ఒక చిన్న ఫైలు. అది డిస్కులో ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు సాంకేతికంలో తక్కువ, హక్కుల తగాదాలో ఎక్కువ దొరుకుతుంది.

వైర్ల కాలంలో ఈ బాధ ఇంతగా లేదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ సంగతి ప్రకటించాక కొన్నేళ్లకే ఈథర్‌నెట్ కార్డులకు డ్రైవర్లు వరసగా వచ్చేశాయి. వాటిలో చాలావాటిని రాసింది డోనాల్డ్ బెకర్. నాసా వారి గొడార్డ్ కేంద్రంలో మామూలు పీసీలను కలిపి సూపర్ కంప్యూటర్‌లా వాడే బేవుల్ఫ్ పథకంలో పనిచేశాడాయన. వంద పీసీలు మాట్లాడుకోవాలంటే కార్డులు పనిచేయాలి కదా, అదీ అవసరం. బజారులో చవగ్గా దొరికే ఎన్‌ఈ2000 కార్డు నకళ్లూ, ఆ తర్వాత రియల్‌టెక్ 8139 చిప్పూ పెట్టుకుంటే సాధారణంగా కెర్నెల్‌తో వచ్చిన డ్రైవరే సరిపోయేది.

వైఫై వచ్చాక లెక్క మారింది. చాలా వైఫై కార్డుల లోపల మరో చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మొదట్లో చాలా కార్డుల్లో అది కార్డు మీది ఫ్లాష్ చిప్‌లోనే ఉండేది. ఆ ఫ్లాష్ తీసేస్తే ఖర్చు తగ్గుతుందని తయారీదారులు కనిపెట్టారు. కార్డుకు కరెంటు తగిలిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమే ఫర్మ్‌వేర్‌ను అందులోకి ఎక్కించాలి. అంటే డ్రైవర్ ఎవరైనా రాయొచ్చు, ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ సొత్తు. దాన్ని పంచిపెట్టాలంటే కంపెనీ అనుమతి కావాలి. పైగా ఏ ఛానల్‌లో ఎంత శక్తితో ప్రసారం చేయాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది కాబట్టి, లోపలి వివరాలు బయటపెడితే అమెరికా ఎఫ్‌సీసీ లాంటి నియంత్రణ సంస్థలు ఊరుకోవన్న వాదన కూడా వినిపించేది. ఆ వాదనలో కొంత నిజముంది. కొంత మాత్రమే.

ఎందుకంటే 2003లో లింక్‌సిస్ కంపెనీ అమ్ముతున్న డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లైనక్స్ మీదే నడుస్తోందని జనం పట్టేశారు. లైనక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్సు, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఇవ్వాల్సిందేనని ఒత్తిడి పెరిగి కంపెనీ ఇచ్చింది. అయితే అందులో చిప్‌ల తయారీదారు బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ మాత్రం మూసిన మూటగానే వచ్చింది. రౌటర్‌కు లైనక్స్ డ్రైవర్ రాయడం చేతనైన బ్రాడ్‌కామ్, అదే రకం చిప్‌లున్న ల్యాప్‌టాప్‌ల కోసం ఏమీ ఇవ్వలేదు. ఇంటెల్ కూడా 2003 మార్చిలో వైఫైతో కూడిన ల్యాప్‌టాప్ చిప్‌ల కూర్పు సెంట్రినోను లైనక్స్ డ్రైవర్ లేకుండానే విడుదల చేసింది. కానీ మరుసటి ఏడే తానే డ్రైవర్ పని మొదలుపెట్టింది. ఫర్మ్‌వేర్‌ను మూసే ఉంచినా పంచుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఈ రోజుకీ లైనక్స్ తెలిసినవాళ్లు ‘ఇంటెల్ కార్డున్నది కొనుక్కో’ అని సలహా ఇవ్వడానికి మూలం అక్కడుంది.

మరి మిగతావాళ్లు? వాళ్లకు ఎన్‌డిస్‌వ్రాపర్ దొరికింది. పాంటస్ ఫుక్స్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును ఆయనతో కలిసి నడిపినవాడు గిరిధర్ పెమ్మసాని. ఆ ఇంటిపేరు మనకు కొత్తదేమీ కాదు. వాళ్ల ఎత్తుగడ గడుసైనది. విండోస్ వైఫై డ్రైవర్‌ను అలాగే తీసుకొచ్చి, నువ్వు విండోస్‌లోనే ఉన్నావని నమ్మించి లైనక్స్ కెర్నెల్‌లో నడిపించడం. ల్యాప్‌టాప్‌తో వచ్చిన సీడీ వెతికి, అందులో ఐఎన్ఎఫ్ ఫైలు, ఎస్‌వైఎస్ ఫైలు పట్టుకుని, రెండు మూడు కమాండ్లు కొడితే వైఫై లైటు వెలిగేది. 64 బిట్ లైనక్స్ వేసుకున్నవాడికి 64 బిట్ విండోస్ డ్రైవరే కావాలి, అది దొరకడం గగనం. కెర్నెల్ పెద్దలకు ఈ ఏర్పాటు నచ్చలేదు. లోపల ఏముందో తెలియని కోడు కెర్నెల్‌లో నడిస్తే, అది కూలినప్పుడు కారణం వెతకడం ఎవరివల్ల అవుతుంది? అందుకే ఎన్‌డిస్‌వ్రాపర్ ఎక్కిన కెర్నెల్‌కు ‘మైలపడింది’ అన్న ముద్ర వేసేవారు.

ఇదే కాలంలో కొందరు అసలు దారి పట్టారు. బ్రాడ్‌కామ్ మూసిన డ్రైవర్‌ను ఒక జట్టు విప్పి చదివింది, చిప్ ఎలా నడుస్తుందో మామూలు మాటల్లో రాసిపెట్టింది. మరో జట్టు మూలం జోలికి పోకుండా ఆ రాతను మాత్రమే చూసి కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకుండా ఈ మడి. ఆ డ్రైవర్ 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది, 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో దాని వారసుడు బీ43 చేరాడు. డ్రైవర్ అయితే వచ్చింది, ఫర్మ్‌వేర్ సంగతి తేలలేదు. పంచే హక్కు లేదు కాబట్టి ఒక కత్తెర ప్రోగ్రాం రాశారు. కంపెనీ డ్రైవర్‌ను మీరే దించుకుంటే, ఆ ఫైలు కడుపు కోసి ఫర్మ్‌వేర్ బయటికి తీస్తుందది. పేరే ఎఫ్‌డబ్ల్యూకట్టర్.

2008లో మరో వైఫై చిప్‌ల కంపెనీ అథెరోస్ స్వయంగా ఏటీహెచ్9కే డ్రైవర్‌ను సోర్సుతో సహా ఇచ్చేసింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా మెత్తబడింది, అయితే అప్పటి కొత్త చిప్‌లు కొన్నింటికే. బీసీఎం4318 లాంటి పాతవి వెనకే ఉండిపోయాయి. కంపెనీ విడిగా ఇచ్చిన డబ్ల్యూఎల్ అనే మూసిన డ్రైవర్‌కు చివరి విడుదల 2015లో వచ్చింది. అప్పటినుంచి కెర్నెల్ మారినప్పుడల్లా లైనక్స్‌ను కూర్చి పంచే పంపిణీల వాళ్లే దానికి అతుకులేసి నెట్టుకొస్తున్నారు. అప్‌డేట్ కొట్టిన మర్నాడు వైఫై మాయమైందంటే చాలాసార్లు ఇలా కెర్నెల్ బయట బతికే డ్రైవరే కారణం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే డిజిటల్ సంతకాలు సరిచూసే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ గడప తొక్కనివ్వదు. అది ఇంకో తంటా.

ఆ పంపిణీల్లో ఒకటైన డెబియన్ వాళ్ల పట్టుదల వేరు. 2011లో వచ్చిన స్క్వీజ్ అనే విడుదలలో మూసిన ఫర్మ్‌వేర్ మొత్తాన్నీ కెర్నెల్ నుంచి ఏరేశారు. సూత్రం గొప్పదే. ఫర్మ్‌వేర్ ఉన్న డిస్కు కూడా వాళ్లే తయారుచేసేవారు, కాకపోతే ‘అనధికారికం’ అని పేరుపెట్టి సైటులో ఓ మూలన ఉంచేవారు. కొత్తవాడికి అది కనబడేది కాదు. డిస్కుల తయారీ చూసే స్టీవ్ మెకింటైర్ 2022లో ఈ గుట్టును బహిరంగ చర్చకు పెట్టాడు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సౌండుకు కూడా ఫర్మ్‌వేర్ కావాలి. అది లేకపోతే చూపులేనివాళ్లకు ఇన్‌స్టాలర్ చదివి వినిపించలేదు. నా మట్టుకు ఈ ఒక్క వాదన చాలు. ఓటింగ్ పెట్టారు, అక్టోబరులో ఫలితం తేలింది: ఇకమీదట ఒకటే డిస్కు, ఫర్మ్‌వేర్‌తో సహా. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 అలాగే వచ్చింది.

అయినా బీ43 ఫైలు అందులో లేదు. పంచే అనుమతి ఈనాటికీ లేదు గనక. డెబియన్ దానికి బదులు ఒక ప్యాకేజీ ఇస్తుంది. అది నెట్‌లోకి వెళ్లి కంపెనీ డ్రైవర్‌ను దించి, కత్తెర వేసి, ఫర్మ్‌వేర్‌ను దాని చోట పెడుతుంది. చాలాకాలం ఆ ఫైలు దిగింది లారీ ఫింగర్ అనే స్వచ్ఛంద కార్యకర్త సొంత సైటు నుంచి. బీ43నూ, ఎన్నో రియల్‌టెక్ డ్రైవర్లనూ ఏళ్ల తరబడి కనిపెట్టుకున్న ఆయన 2024 జూన్‌లో కన్నుమూశాడు.

ఆ ప్యాకేజీకి కావలసిన నెట్ ఎక్కణ్ణుంచి అంటే, ఇప్పుడు జవాబు జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు గుచ్చి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లైనక్స్ ఆ ఫోన్‌నే వైరు కార్డుగా చూస్తుంది. అందుకు కావలసిన డ్రైవర్ కెర్నెల్‌లో ముందే ఉంటుంది, ఫర్మ్‌వేర్ అడగదు.